ముందు ఒక ఫైలు చెరిపేయండి, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత

జి.కొండూరులో ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లకు చెప్పేది ఒకటే: మంచి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఏదన్న ప్రశ్నను చివరికి నెట్టేయండి. నా సలహాలు తలకిందులుగా కనిపిస్తాయి. అయినా ఈ వరసలోనే చేయమని బతిమాలుతున్నాను.

మొదట ఒక ఫోల్డర్ చెరిపేయండి. పనికిరాని ఫొటోలు నాలుగు అందులో వేసి, ట్రయల్‌గా దింపుకున్న సాఫ్ట్‌వేర్‌తో బ్యాకప్ తీసి, చెరిపి, వెనక్కి రప్పించండి. తెర మీద 'పూర్తయింది' అని వస్తే చాలదు, ఫొటో తెరుచుకోవాలి. తర్వాత ఆ సాఫ్ట్‌వేర్‌తోనే బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసి, కంప్యూటర్‌ను దాంతో ఒకసారి లేపండి. హార్డ్ డిస్క్ చచ్చిపోయిన రోజున విండోసే ఉండదు. అందులో ఉన్న సాఫ్ట్‌వేర్ ఎలా కాపాడుతుంది? పెన్‌డ్రైవ్‌తో లేచాక బయటి డిస్క్ కనిపించకపోతే ఆ సాఫ్ట్‌వేర్ వద్దు.

కంపెనీ రేపు చేతులెత్తేస్తుందనుకునే ఎంచుకోండి. ఎంతోమంది నమ్ముకున్న మాక్రియమ్ రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌కు 2024 మొదట్లోనే మద్దతు ఆగిపోయింది. విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ మామూలు ఫైళ్లుగానే దాస్తుంది, ఇంకో కంప్యూటర్‌లోనూ తెరుచుకుంటాయి. డిస్క్ మొత్తం కాపీ కావాలంటే క్లోనెజిల్లా ఉచితం, కానీ ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కో తారుమారైతే అసలుదే తుడిచిపెట్టుకుపోతుంది. మిగిలిన డబ్బుతో రెండో డిస్క్ కొనండి.

ఆ రెండో డిస్క్ మీ ఇంట్లో ఉంచకండి. ఇది మన మండలానికే ఎక్కువ అవసరం. 2024 ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో కురిసిన వానలకు వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తారు, బుడమేరు డైవర్షన్ ఛానెల్‌కు గండ్లు పడ్డాయి, విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో నానింది. కంప్యూటర్, దాని పక్క అరలోని బ్యాకప్ డిస్క్ ఒకే నీళ్లలో మునిగితే ఎంత ఖరీదు సాఫ్ట్‌వేర్ అయినా చేసేదేమీ లేదు. మీది వెలగలేరు, అక్కయ్యది సింగ్ నగర్ అయితే అక్కడా పెట్టొద్దు, రెండూ బుడమేరు దారే. నందిగామ వైపూ వద్దు, అదే వానల్లో అక్కడ మునేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికొచ్చింది. హైదరాబాద్‌లో చదువుకుంటున్న అబ్బాయి దగ్గర పెట్టండి. పండక్కి వచ్చినప్పుడల్లా తెప్పించి కొత్తవి ఎక్కించండి.

ఇంట్లో ఉన్న డిస్క్‌ను పని కాగానే పీకేయండి. 2017 మేలో వచ్చిన, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లనూ పట్టింది. అలాంటిది తగిలితే తగిలించి ఉన్న డ్రైవ్‌లకూ తాళం పడుతుంది.

పోయినవి తెచ్చిపెట్టే రికవరీ సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకోకండి. ఎస్ఎస్‌డీలో చెరిపిన చోటును ఖాళీ చేసే ట్రిమ్ పనిచేస్తుంటే చెరిపినవి చాలావరకు తిరిగి రావు. పాత హార్డ్ డిస్క్ అయితే ఆశ ఉంది, కానీ వెంటనే వాడకం ఆపాలి. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను ఆ డిస్క్‌లోకే దింపితే, పోయిన ఫొటోల మీదే అది కూర్చుంటుంది.

బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెడితే కాగితం మీద రాయండి. పొలం పాస్‌పుస్తకాలతో పాటు బీరువాలో పెట్టి, ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి.