గెలుపు చాలదు, కుర్చీలు కావాలి!

ఇంగ్లండ్ రగ్బీలో పై లీగ్ ఎక్కాలంటే కింది లీగ్ గెలిస్తే చాలదని 2022లో తేలింది. అప్పటి నిబంధన ప్రకారం స్టేడియంలో 10,001 మంది పట్టాలట.

పది వేలమంది పడితే? కుదరదు. ఆ ఒక్కడు ఎక్కడ కూర్చోవాలి మరి!

లండన్ జట్టు ఈలింగ్ ట్రెయిల్‌ఫైండర్స్ ఆ ఏడాది కింది లీగైన చాంపియన్‌షిప్ గెలిచింది. మైదానం చిన్నదన్నారు. కప్పు ఇంటికి, జట్టూ ఇంటికే. 2024లో మళ్లీ గెలిచింది. ప్రమాణాలకు తూగలేదంటూ మళ్లీ ఆపారు.

అదే సీజన్‌లో పై లీగ్‌లోని న్యూకాజిల్ ఫాల్కన్స్ 18 మ్యాచ్‌లు ఆడి 18 ఓడింది. కిందికి దించారా? అబ్బే!

పెద్ద స్టేడియం ఉంటే క్లబ్బుకు ఢోకా లేదన్నది పెద్దల లెక్క. పై లీగ్‌లోని వాస్ప్స్ క్లబ్బుకు కోవెంట్రీలో 32 వేలమంది పట్టే సొంత స్టేడియమే ఉండేది. దాని తాలూకు అప్పు తీర్చలేక 2022లో చేతులెత్తేసింది. అదే ఏడాది వూస్టర్ వారియర్స్, మరుసటి ఏడాది లండన్ ఐరిష్. 13 క్లబ్బుల లీగ్ కాస్తా పదికి దిగింది.

ఖాళీలు మూడు వచ్చాయి. ఎక్కనిచ్చినవాళ్లే లేరు.

ఈలింగ్ కుర్రాళ్లూ, ట్యాకిల్ ప్రాక్టీసు ఆపి తాపీ పట్టండి!