మెట్టూరి బోటు మామ

మా ఊరి పేరులో సముద్రముంది. అనుమసముద్రంపేట. బస్సు బోర్డు మీద పట్టక ఏయస్‌పేట అంటాము గానీ, అందులో ఆ నడిమి అక్షరం సముద్రమే. నిజం సముద్రం చూడాలంటే మాత్రం కావలి దాటి పోవాలి. చెరువు కనబడితే చాలు, సముద్రమనో సాగరమనో పేరు పెట్టేయడం వెనకటివాళ్ళ అలవాటు. ఆత్మకూరు అవతలి అనంతసాగరమూ ఆ కోవదే. ఆ పేర్లను మనసారా నమ్మి మోటారు బోటు కొన్నవాడు నాకు తెలిసి ఒక్కడే, మా మామ.

ఇట్టాంటి మామ మీ ఊళ్ళోనూ ఉంటాడు. కొత్త వస్తువంటే ఆయనకు అనుమానం. "కొత్తదాన్ని ఎవుడైనా కొంటాడబ్బయ్యా. పాతదాన్ని కొనాలంటే ఇది ఉండాల" అని కణత మీద వేలితో కొట్టుకుంటాడు. ఆయన పెరట్లో పాత ఆయిలింజనుంది, రాజ్‌దూత్ బండుంది, రేకు రాలిన కూలరుంది. ఏదీ పూర్తిగా పని చెయ్యదు, ఏదీ పూర్తిగా చెడిపోలేదు. ఆ రెండిటి మధ్య సందే మామ కాపురం.

సముద్రపొడ్డు పాళెంలో ఎవరో పాత ఫైబర్ బోటు అమ్ముతున్నారని విని, చూసొస్తానని పోయి ట్రాక్టరు మీద వేసుకునే వచ్చాడు. ఎంతకు కొన్నాడో ఇప్పటికీ తేలలేదు. అత్తకొక రేటు చెప్పాడు, నాకొకటి, మెకానిక్కు ముందు ఇంకొకటి. ఇరవై అడుగుల బోటు వేపచెట్టు కింద నాలుగు టైర్ల మీద కూర్చుంది. ఆ రోజు గురువారం. దర్గాకు వచ్చే జనమంతా మా వీధినే పోతున్నారు. ఖాజా నాయబ్ రసూల్ వారి దర్గాకు ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు గదా, వాళ్ళలో ఒకామె ఆగి, "ఇది మొక్కుబడి బోటా?" అని అడిగింది. లోపల్నుంచి అత్త, "అవునమ్మా, నా నెత్తిన మొక్కిన మొక్కు" అంది. సాయంత్రానికల్లా ఎవరో తల్లి తన పిల్లోణ్ణి అందులో కూర్చోబెట్టి అన్నం తినిపిస్తోంది.

మామ మొదటి పరీక్ష తట్టడం. చిన్న సుత్తి తీసుకుని బోటు చుట్టూ తిరుగుతూ, టెంకాయ కొనేవాడిలా చెవి పెట్టి తట్టాడు. పక్కలన్నీ టంగుమన్నాయి. ఇంజను తగిలించే వెనక పలక మాత్రం 'బొద్దు' మంది. పైన ఫైబరు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపలి చెక్క నీళ్ళు తాగి నాని మన్నయి ఉంటుంది. పాత బోటు కొనేవాడు డబ్బులివ్వకముందు తట్టాల్సింది అక్కడే. మామ ఇచ్చినాక తట్టాడు. అయినా ముఖంలో దిగులు లేదు. ఆయన ఆనందమంతా అప్పుడే మొదలైంది.

ఎండాకాలం నడిమధ్యన ఫైబరు పని పెట్టుకున్నాడు. రెజిన్‌లో హార్డెనర్ నూటికి ఒకటి, రెండు పాళ్ళు కలిపితే చాలు. ఎండ మండుతుంటే ఇంకా తగ్గించాలి. మామ సాంబారుకు ఉప్పేసినట్టు చేతి అంచనాతో పోశాడు. ఫైబరు చాప ముక్క కోసి అంటించే లోపలే అది పొగలు కక్కి రాయి అయిపోయింది. అందులో బ్రష్షు నిలువునా ఇరుక్కుంది. కలిపింది అత్త పుట్టింటి స్టీలు లోటాలో. ఆ లోటా, ఆ బ్రష్షు ఈనాటికీ గూట్లో ధ్వజస్తంభంలా ఉన్నాయి. "గట్టితనం చూడబ్బయ్యా!" అని వచ్చినవాళ్ళకు చూపిస్తాడు.

తరవాత ఇంజను. పది హార్స్‌పవర్‌ది, లీటరు పెట్రోలుకు ఇరవై మిల్లీలీటర్ల ఆయిలు కలపాలి. గేరాయిలు తీసి చూస్తే పాలు కలిపిన టీ రంగులో ఉంది. సీలు పోయి లోపలికి నీళ్ళు దిగినట్టు గుర్తు. ఆత్మకూరు నుంచి వచ్చిన మెకానిక్కు బోరు మోటార్లకు వైండింగ్ కట్టడంలో దిట్ట. దీన్ని చూసి, "ఇందులో ఇంపెల్లరుంది గదా, అయితే ఇదీ మోటారే" అని ధైర్యంగా చెయ్యి పెట్టాడు. ఆ రబ్బరు ఇంపెల్లరే నీళ్ళు లాగి ఇంజనును చల్లబరుస్తుంది. నీళ్ళు లేకుండా ఆడిస్తే చిటికెలో కాలిపోతుంది. అందుకని గేదె కుడితి తొట్టిలో ఇంజను కాలు ముంచి తాడు లాగారు. పదిహేడో లాగుడుకు అందుకుంది. పక్కనుంచి సన్నటి ధార రావాలి. అది వస్తేనే ఆరోగ్యం. మామ వంగి, పెద్ద డాక్టరులా "సాఫీగా వస్తా ఉందా?" అని అడిగాడు. ధార వచ్చింది, తవుడుతో సహా. గేదె తలుగు తెంపుకొని పోయి రెండు రోజులు పాలియ్యలేదు.

శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గాన్ని ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టుకున్నాడంటారు. మామ ముట్టడి అప్పటికి రెండో ఏట పడింది.

ఉదయగిరి అన్నాను గనక తెడ్డు సంగతి చెప్పాలి. ఇంజను ఆగిపోతే ఒడ్డు చేరడానికి తెడ్డుండాలి. ఉదయగిరి చెక్కపని పేరున్నదని మామ అక్కడికి కబురు పెట్టాడు: "మంచి కర్రతో పెద్ద తెడ్డు ఒకటి చెయ్యండి, పట్టు నున్నగా ఉండాల." వాళ్ళు చేశారు. మూరెడు తెడ్డు, కాడ చివర పువ్వు చెక్కి, అద్దంలా నునుపు తీసి పంపించారు. సంగటి కెలికే తెడ్డు. తప్పు వాళ్ళది కాదు, మన భాషది. ఈ మెట్టలో తెడ్డంటే సంగటి గాక నది ఎవరికి గుర్తొస్తుంది? ఇన్నేళ్ళలో మామ బోటు పేరు చెప్పి ఇంటికి తెచ్చిన వాటిలో అత్త నోరారా మెచ్చుకున్నది అదొక్కటే.

ఎట్టకేలకు కార్తీకంలో సోమశిల పోయాము. పెన్న మీద 78 టీఎంసీల జలాశయం, నిండితే చూపుకు అందదు. బయల్దేరేముందు మామ నాలుగు లైఫ్ జాకెట్లు తెచ్చాడు, కొత్తవి. ఆయన జన్మలో కొన్న కొత్త వస్తువులు అవే అనుకుంటా. నేను నవ్వబోతే, "2019లో కచ్చులూరు కాడ గోదావరిలో బోటు మునిగి ఏం జరిగిందో మర్చిపోయినావా?" అన్నాడు. నోరు మూసుకుని తొడుక్కున్నాను.

ఒడ్డు నుంచి వంద గజాలు పోయామో లేదో, నీళ్ళకింద పాత చెట్టు మోడు తగిలి ఫ్యాను ఆగింది. ఇంజను అరుస్తోంది, బోటు కదలదు. ఫ్యాను దగ్గర ఒక మెత్తటి ఇత్తడి పిన్నుంటుంది. దెబ్బ తగిలితే అది విరిగి గేర్లను కాపాడుతుంది. విరగడమే దాని ఉద్యోగం. పాళెంవాళ్ళు అరడజను పిన్నులు చేతిలో పెట్టి మరీ పంపించారట. "మాటిమాటికీ విరిగేదాన్ని ఎవుడు పెడతాడు?" అని మామ వాటిని ఇంట్లో పారేసి, గట్టి ఇనప మేకు కోసి కొట్టాడు. మేకు విరగలేదు. గేరే విరిగింది. ఇద్దరం చెరో పక్క వంగి అరచేతులతో నీళ్ళు తోసుకుంటూ వస్తుంటే, పుట్టి మీద వల వేస్తున్న ముసలాయన చాలాసేపు చూసి, "తెడ్డు తెచ్చుకోలేదా?" అని అడిగాడు. మామ ఎటో చూశాడు.

బోటు మళ్ళీ వేపచెట్టు కిందికొచ్చింది. గేరు కోసం చెన్నైకి కబురు పోయింది. ఈలోపు అడుగున బీటలున్నాయేమోనని మామకు అనుమానం పట్టింది. బయట వెతికేకంటే లోపల నీళ్ళు నింపి ఎక్కడ చెమరిస్తుందో చూడటం మేలు, ఈ ఉపాయం మాత్రం పక్కా. నింపడానికి నీళ్ళేవి? ఆ రాత్రి వాన కొట్టింది. పొద్దున్నకు బోటు మోకాలి లోతు నిండింది. బిరడా బొక్కను ఎమ్‌సీల్‌తో పూడ్చింది ఆయనే. లోపలి పక్కన సుద్దముక్కతో గీత గీసి, మూడు రోజులు గీత దగ్గరే కూర్చున్నాడు.

"చుక్క కారలా చూడబ్బయ్యా!"

నిజంగానే కారలేదు. నాలుగో పొద్దున మామ బీడీ కోసం అంగడికి పోయి వచ్చేసరికి నీళ్ళు గీతకు కాస్త కిందున్నాయి. మామ ముఖం పాలిపోయింది. సుత్తి పుచ్చుకుని అడుగంతా తట్టాడు, నేలంతా తడిమి చూశాడు. ఎక్కడా తడి లేదు.

బోటు అవతలి పక్కన, అత్త గేదె మూతి తుడుస్తోంది.

"దాన్ని అవతలికి తోలుమే! లెక్క తప్పిపాయె!" అని అరిచి, మామ సుద్దముక్క కోసం జేబులు వెతుక్కున్నాడు.