సర్వరు సారు

దుబ్బాకలో మగ్గమున్న ఇంట పుట్టి, హైదరాబాదున కొన్నాళ్లు కంప్యూటరు విద్య నభ్యసించి, స్వస్థలమునకు మరలి వచ్చిన యువకులలో ఒక జాతి కలదు. ఆ జాతివాడు నెలనెలా అద్దె చెల్లించి తన వెబ్‌సైటును పరుల యంత్రమున నుంచుటకు సుతరాము అంగీకరింపడు. "తాత మగ్గం ఇంట్లనే పెట్టుకున్నడు, నేను సర్వరు ఇంట్లనే పెట్టుకుంట" అని ఆతని వాదము. మగ్గమునకు కరెంటు అక్కఱలేదన్న సంగతి ఆతనికి స్ఫురింపదు.

పాత ల్యాప్‌టాపును దేవుని గూటి ప్రక్కన ప్రతిష్ఠించి, బాపు నేసిన చీరల ఫోటోలు దానియందు నింపిన పిమ్మట తెలియవచ్చునదేమనగా, బయటినుండి ఆ యింటికి త్రోవయే లేదు! పాత పద్ధతి ఐపీ చిరునామాలు లోకమంతటికిని సుమారు 430 కోట్లే యగుటచేత, కంపెనీలు ఒక్క చిరునామాను అనేక గృహములకు ఉమ్మడిగా పంచుచున్నవి. ఆ యేర్పాటు కొఱకే 2012లో 100.64 మొదలు 100.127 వఱకు గల శ్రేణిని ప్రత్యేకించిరి. అంతట మన సర్వరు సారు నెట్ ఇచ్చు కేబులాయనను ఆశ్రయించును.

"స్టాటిక్ ఐపీ కావాలె అన్నా."

"నెట్ వస్తలేదా?"

"వస్తుంది."

"వస్తుంటె ఇంకేం గావాలె?"

తుదకు నెలకింత యని అదనముగా చెల్లించి, తన యింటికే చెందు ఆ స్థిరమైన చిరునామాను సంపాదించును. ఇది అద్దె కాదట.

ద్వారము తెఱచినంతనే అతిథులు! ఎవరో దూరదేశస్థులు 'అడ్మిన్' అను పేరును, '123456' అను సంకేతపదమును ప్రయోగించి తలుపు త్రోయుచుందురు; వారు మనుష్యులు గారు, రేయింబవళ్లు లోకమెల్ల గాలించు యంత్రములు. ఫ్యాక్టరీవారిచ్చిన సంకేతపదములు మార్చని రౌటర్లను, కెమెరాలను 2016లో మిరాయి యను దుష్టప్రోగ్రాము లక్షలకొలది వశపఱచుకొన్నది. సారు రౌటరుకు నేటికిని పాత సంకేతపదమే. ఆ రౌటరు మీదనే బాపు ఫోనులోని బ్యాంకు లావాదేవీలును నడచుచుండును. సారు మాత్రము సర్వరు లాగ్ ఫైళ్లు తెఱచి, "రష్యానుంచి గూడ చూస్తుండ్రు" అని పొంగిపోవును.

కరెంటు పోయినయెడల ల్యాప్‌టాపునకు బ్యాటరీ కలదు గాని రౌటరునకు లేదు గనుక, సర్వరు తనలో తాను సజీవముగా నుండియే లోకమునకు మరణించును. వెబ్ పుట్టిన తొలినాళ్లలో, జెనీవా చెంతనున్న సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ తన యంత్రముపై, ఇది సర్వరు, ఆపవలదని ఎఱ్ఱసిరాతో వ్రాసి చీటీ అంటించియుండెను. ఆ కథ విన్న సారు రౌటరు ప్లగ్గుపై అట్టిదే యొకటి అంటించెను. తల్లి దానిని ఒడుపుగా ప్రక్కకు జరిపి మిక్సీ పెట్టుకొనును.

"అమ్మా, సైటు బందైంది!"

"తొక్కు నూరినంక పెడ్త తియ్యి కొడుకా. గిప్పుడు దాన్ని చూడనీకి ఎవలొస్తుండ్రు?"

సారు సగర్వముగా రష్యా పేరు చెప్పును.