‘దేవదాసు’ సినిమా చూడబోయే వారికి ఆరు సూచనలు

శరత్‌చంద్ర చటర్జీ బెంగాలీ నవల ‘దేవదాసు’ 1917లో అచ్చయింది. తెలుగులో దాన్ని రెండుసార్లు తెరకెక్కించారు. 1953లో వేదాంతం రాఘవయ్య తీసినదాంట్లో నాగేశ్వరరావు, సావిత్రి నటించారు. 1974లో విజయనిర్మల తీసినదాంట్లో కృష్ణ కథానాయకుడు. చాలామంది మొదటి సినిమా చూసి, కళ్లు తుడుచుకుని, నవల తెలిసిపోయిందనుకుంటున్నారు. నవలకు ఇంతకన్నా అన్యాయం లేదు. కథ శరత్‌బాబుది. సినిమా దాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పిందా లేదా చూడటమే మన పని.

1. పుస్తకం ఒళ్లో ఉండాలి. చక్రపాణి వంటివారు శరత్‌ను ఏనాడో తెలుగు చేశారు కనుక బెంగాలీ రాదన్న సాకు చెల్లదు. ప్రతి సన్నివేశం దగ్గరా సినిమా ఆపి, ఆ పుట తీసి, సరిచూసుకున్నాకే ముందుకు వెళ్లండి. మూడు గంటల సినిమాకు రెండు ఆదివారాలు పడతాయి. పట్టనివ్వండి.

2. వయసు మరవకండి. పెళ్లి మాట వచ్చేనాటికి నవలలో దేవదాసు ప్రేమించిన పార్వతికి 13 ఏళ్లు. పార్వతి వేషంలో సావిత్రి తెరమీదికి వచ్చిన ప్రతిసారీ ‘పదమూడు’ అని పైకి అనండి. పక్కవాళ్లకు కూడా వినపడాలి.

3. పాట రాగానే శబ్దం తీసేయండి. సుబ్బరామన్ బాణీలు గొప్పవి, ఘంటసాల గొంతు ఇంకా గొప్పది. ప్రమాదమంతా అక్కడే ఉంది. ఆ గొంతు వింటే దేవదాసు మీద జాలి ముంచుకొస్తుంది. రాత్రివేళ తన గదికి వచ్చి నిలబడ్డ పిల్లకు అండగా నిలవలేని అతని పిరికితనం ఆ జాలిలో కొట్టుకుపోతుంది. పాట నడిచినంతసేపూ ఆ అధ్యాయం మళ్లీ చదవండి.

4. కన్నీళ్లు చివరిదాకా దాచుకోండి. దేవదాసు పాండువా స్టేషన్‌లో దిగి, ఎడ్లబండిలో హాతీపోతా చేరి, పార్వతి అత్తవారింటి ముందు చెట్టుకింద ప్రాణం విడుస్తాడు. ఆ తర్వాతే శరత్‌బాబు అతని కోసం మన సానుభూతి అడుగుతాడు. రచయిత అడగక ముందే ఏడవడం మర్యాద కాదు.

5. మిగతా భాషల్లోవీ చూడండి, తేడాలు రాసుకోవడానికి మాత్రమే. పుస్తకంలో దేవదాసు చదువుకు వెళ్లింది కలకత్తాకు. 2002లో హిందీలో తీసిన భన్సాలీ అతన్ని లండన్ నుంచి దించాడు. పుస్తకంలో పార్వతి నుదుటిమీద మచ్చ పడింది చేపల గాలపు కర్ర దెబ్బకు. భన్సాలీ దాన్ని ముత్యాల హారం చేశాడు. నవలలో పార్వతి, దేవదాసును ప్రేమించిన నర్తకి చంద్రముఖి ఒకరినొకరు చూడనే చూడరు. బిమల్ రాయ్ 1955 హిందీ సినిమాలో వాళ్లను దారిలో ఎదురెదురుగా నడిపించాడు, భన్సాలీ కలిపి నాట్యమే చేయించాడు. ఆ నాట్యం ఎంత బాగున్నా లేచి మంచినీళ్లకు వెళ్లండి.

6. నవల చదవనివారికి కుర్చీ వేయకండి. పార్వతి సంబంధం దేవదాసు ఇంట్లో ఎందుకు వద్దన్నారో ముందు అడగండి. పక్కింటి పిల్ల కావడం ఒక కారణం. ఆడపిల్లకు డబ్బు పుచ్చుకునే వంశం కావడం ఇంకొకటి. రెండూ చెప్పినవారే కూర్చోవాలి. అత్తగారైనా, మేనమామగారైనా మినహాయింపు లేదు. చెప్పలేనివారికి పుస్తకం చేతికిచ్చి, చదివాక రమ్మని మర్యాదగా చెప్పండి.

ఇలా చూస్తే ఆనందం తగ్గుతుందని కొందరంటారు. తగ్గితే తగ్గనివ్వండి. నవల మీద గౌరవం తగ్గకుండా ఉంటే చాలు. ‘దేవదాసు’ చిన్న పుస్తకం, ఒక పూటలో అయిపోతుంది. ఈ శనివారం చదవండి, ఆదివారం తెర ముందు శరత్‌బాబు తరఫు మనిషిగా కూర్చోండి.