తాటిచెట్టు మీద దూడమేత

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడమేత కోసం అన్నాడట వెనకటికొకడు. పాపం, తప్పు దేశంలో పుట్టాడు. జపాన్‌లో పుట్టుంటే మంత్రి అయ్యేవాడు. తక్కువలో తక్కువ నగోయా మేయరు.

2012 ఫిబ్రవరిలో ఆ నగోయా మేయరు తకాషి కవామురాను చూడటానికి చైనాలోని నాన్జింగ్ నుంచి అతిథులొచ్చారు. 1978 నుంచీ ఈ రెండూ సోదర నగరాలు. ఇంటికొచ్చిన ఆ చుట్టాల మొహం మీదే ఆయన, మీ ఊళ్లో 1937లో మా సైన్యం చేసిందంటున్న ఊచకోత బహుశా జరిగి ఉండదు, అదంతా మామూలు యుద్ధమే అనేశాడు. రుజువేమిటంటే, 1945లో వాళ్ల నాన్న సైనికుడిగా నాన్జింగ్‌లో ఉన్నప్పుడు ఊరివాళ్లు ఎంతో ఆదరంగా చూశారట. ఎనిమిదేళ్ల కిందటే నరికి ఉంటే అంత ఆదరం చూపిస్తారా అని లాజిక్కు. బాధితుడు మర్యాదస్తుడైతే కేసు కొట్టేసినట్టే! ఈసారి మాత్రం నాన్జింగ్ వాళ్లు ఆ మర్యాద పక్కనపెట్టి రాకపోకలు మానుకున్నారు.

మేయరుగారికి గుర్తు రాని సంగతొకటుంది. 1937 డిసెంబరు 13న నాన్జింగ్‌ను పట్టుకున్న జపాన్ సేనలకు అధిపతి జనరల్ ఇవానే మత్సుయి. ఆయన సొంతూరు నగోయానే. తర్వాత ఆయన యుద్ధభూముల మట్టి తెప్పించి, అతామీ కొండమీద కరుణాదేవత విగ్రహం చేయించాడు. ఏమీ జరగని చోటి నుంచి మట్టి మోయించడం ఎందుకో! యుద్ధనేరాలను విచారించిన టోక్యో ట్రిబ్యునల్ నాన్జింగ్ మృతులు రెండు లక్షలు దాటారని అంచనా కట్టి, 1948లో ఆయన్ని ఉరి తీయించింది. చైనా లెక్క మూడు లక్షలు. మన తాటిచెట్టు పండితులకు ఈ తేడా అంటే ప్రాణం: రెండో మూడో తేలలేదు కాబట్టి సున్నా. అప్పుడు అక్కడే ఉండి, జనాన్ని కాపాడి, చూసింది చూసినట్టు డైరీలో రాసుకున్న జర్మన్ వ్యాపారి జాన్ రాబే సాక్షాత్తూ నాజీ పార్టీ సభ్యుడు. హిట్లర్ మనిషికే కడుపు తరుక్కుపోయిందంటే ఆలోచించండి.

ఇక మాటల గారడీ. పాఠ్యపుస్తకాల్లో 'దురాక్రమణ' ఎందుకు, 'ముందుకు సాగడం' అంటే పోలా అని జపాన్ విద్యాశాఖవారు రచయితలకు సలహాలిస్తూ వచ్చారు. 1982లో ఆ వ్యవహారం రచ్చకెక్కింది. ఆ లెక్కన 1942 ఏప్రిల్ 6న మన విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసినవాళ్లు కూడా కాస్త ముందుకు సాగారంతే.

జపాన్ సైన్యం తన వేశ్యాగృహాలకు ఈడ్చుకుపోయిన ఆడవాళ్ల సంగతికొస్తే, 2007లో ప్రధాని షింజో అబే బలవంతాన్ని రెండు రకాలు చేశాడు. సంకుచితార్థంలో బలవంతానికి ఆధారాల్లేవన్నాడు. ఈ అర్థభేదం ఆ పిల్లలకు అప్పుడే చెప్పి ఉంటే ఎంత ఊరట పొందేవారో! కాగితం చూపించమంటారు. 1945 ఆగస్టులో ఓటమి ఖాయం కాగానే కాగితాలు కుప్పపోసి తగలబెట్టించింది ఎవరట? అయినా యోషియాకి యోషిమి అనే ప్రొఫెసరు స్వయానా రక్షణశాఖ గ్రంథాలయంలోనే కొన్ని పత్రాలు పట్టుకున్నాడు. 1992లో అవి పత్రికకెక్కాయి. ఆయనా జపానువాడే. పాఠ్యపుస్తకాల కత్తిరింపు మీద ముప్పై రెండేళ్లు కోర్టుల్లో కొట్లాడిన సబురో ఇయెనాగా కూడా జపానువాడే. అందర్నీ ఒకే గాటన కట్టకూడదు.

ఈ పండితులకు మనవాడు కూడా ఒకడు ఇష్టుడే. టోక్యో ట్రిబ్యునల్లో నిందితులందర్నీ విడిచిపెట్టాలని వేరు తీర్పు రాసిన జస్టిస్ రాధాబినోద్ పాల్. ఆయనకు 2005లో టోక్యోలోని యాసుకుని ఆలయంలో స్మారకశిల వేశారు, మత్సుయితో సహా 14 మంది ప్రధాన యుద్ధనేరస్తుల్ని 1978లో కొలువుతీర్చిన చోటే. పాల్ కొట్టేసింది ట్రిబ్యునల్ చట్టబద్ధతను, నాయకుల మీది ఆరోపణలను. నాన్జింగ్‌లో సైనికులు ఘోరాలు చేశారనడంలో సందేహమే లేదని అదే తీర్పులో రాశాడు.

ఆ శిలకు వంగి దండం పెట్టేవాళ్లు అంత లావు తీర్పులో ఆ పేజీ దాకా ఎందుకొస్తారు లెండి. దూడ ఇంకా మేస్తూనే ఉందిగా.