అయిదో కాంటూరు కింద నా కార్డు

ఆటపాక పక్షుల కేంద్రంలో పడవ మీద కూర్చుని గూడబాతుల వేట చూస్తున్నాను. ముక్కు కింద వేలాడే తోలుసంచిని వలలా ముంచి, నీళ్లతో సహా చేపను ఎత్తుకుంటుంది గూడబాతు. తర్వాత తల వంచి, నీళ్లను మెల్లగా కొల్లేటికే వదిలేసి, చేపను మాత్రం మింగుతుంది. తనది కానిది తనకొద్దనే పక్షి. సరిగ్గా అప్పుడే జేబులో సెల్లు కుయ్యిమంది. మీ క్రెడిట్ కార్డు మీద బాకీ రూ.1,203.14, గడువు దాటింది, వెంటనే కట్టండి అని.

బాకీ సంగతి సరే, ఆ 14 పైసలేమిటి? పావలాకీ, అంతకన్నా చిన్న నాణేలకీ 2011 జూన్‌తోనే నూకలు చెల్లాయి. కడదామన్నా దేశంలో నాణెం లేదు. అసలు నాకు క్రెడిట్ కార్డంటూ ఒకటి ఉందని గుర్తు రావడానికే పడవ ఒక చుట్టు తిరగాల్సి వచ్చింది.

మూడేళ్ల కిందటి మాట. ఏలూరులో నా పెన్షన్ పడే బ్యాంకుకి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్లాను. (బ్యాంకు పేరు చెప్పను. చెబితే మిగతా బ్యాంకులన్నీ చంకలు గుద్దుకుంటాయి.) నేను బతికే ఉన్నానని కౌంటర్లో ఒప్పించి బయటికొస్తుంటే, గుమ్మం పక్కన బల్ల వేసుకున్న టై కుర్రాడు లేచి నమస్కారం పెట్టాడు.

"మేస్టారూ, నేనండి, మీ దగ్గర ఎనిమిదో తరగతి చదివాను. ఈ నెల టార్గెట్‌కి ఒక్క కార్డు తగ్గిందండి. లైఫ్‌టైమ్ ఫ్రీ అండి."

బతికున్నానని అప్పుడే రాసిచ్చి వచ్చినవాడికి బతికినంత కాలం ఉచితం అంటే కాదనబుద్ధి అవుతుందా? ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ని. 'ఎవరి యొక్క జీవితాంతం?' అని ఒక్క షష్ఠీ విభక్తి అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. తొమ్మిది చోట్ల సంతకం పెట్టి, పైగా "బాగా వృద్ధిలోకి రా నాయనా" అని దీవించి వచ్చాను.

వారం తిరక్కుండా కార్డొచ్చింది. మా ఆవిడ దాన్ని కవరుతో సహా ఇనప బీరువాలో, పొలం పాస్‌పుస్తకానికీ తన పెళ్లి పట్టుచీరకీ మధ్య పెట్టి రెండు కలరా ఉండలు వేసింది. ఆ మూడేళ్లలో అది వెలుగు చూసింది ఒక్కసారే. తొలి నెలలోనే, తాడేపల్లిగూడెం మా బావమరిది ఇంటికి పోతుంటే గుండుగొలను దగ్గర కారు ఎర్రదీపం చూపించింది. నేను పర్సు మర్చిపోయాను. 'ఎందుకైనా మంచిది' అని మా ఆవిడ సంచిలో వేసుకొచ్చిన ఆ కార్డే గీకి వెయ్యి రూపాయల డీజిల్ పోయించాను. ఆ వెయ్యీ గడువులోపే కట్టేశాను కూడా.

గుండుగొలను అంటే భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1880లో పుట్టిన ఊరు. తెలుగువాళ్లకంటూ ఒక బ్యాంకు ఉండాలని ఆయన 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. మన ఊళ్లలో క్రెడిట్ కార్డన్న మాటే ఎవరూ వినని 1981లోనే ఆ బ్యాంకు కార్డులిచ్చింది. 2020లో యూనియన్ బ్యాంకులో కలిపేశారు, అదీ ఏప్రిల్ 1న. ఆ ముహూర్తం పెట్టినవారెవరో గాని హాస్యప్రియులు. నా కార్డు వాళ్లది కాదు లెండి. అయినా పట్టాభి గారు పుట్టిన గడ్డ మీద గీకాను కాబట్టి నా గీకుడికి చరిత్రలో చోటుంటుందని మురిసిపోయాను. చోటు దొరికింది, బాకీల చిట్టాలో.

ఇంటికొచ్చి అబ్బాయి చేత బిల్లు తీయించాను. వాడు ఇంటరు చదివేటప్పుడు ఏదో దరఖాస్తు కోసం నా పేర తెరిచిన ఈమెయిల్ ఒకటుందట, బిల్లులన్నీ బుద్ధిగా అందులోకే పోతున్నాయట. వార్షిక రుసుం 499. దాని మీద 18 శాతం జీఎస్టీ, 89 రూపాయల 82 పైసలు. ఆ రెండూ నేను కట్టలేదు కాబట్టి ఆలస్య రుసుం 500. ఆలస్యం చెయ్యనివ్వడం కూడా ఒక సేవే కాబట్టి దాని మీద జీఎస్టీ 90. మొదటి రెండిటి మీద నెల వడ్డీ 20 రూపాయల 61 పైసలు. వడ్డీ మీద జీఎస్టీ 3 రూపాయల 71 పైసలు. కూడి చూడండి, ఆ 14 పైసల గుట్టు బయటపడుతుంది. గూడబాతు నయం, నీళ్లు వదిలేసింది. వీళ్లు నీళ్ల మీద కూడా 18 శాతం వేశారు.

అసలు కంటే వడ్డీ ముద్దంటారు పెద్దలు, కొడుకుల కంటే మనవలు ముద్దు కాబట్టి. ఇక్కడ అసలన్నదే లేదు. పెళ్లి కాని బ్రహ్మచారికి మనవలు పుట్టుకొచ్చారు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. భాష ఎంచుకోమంది. కార్డు మీది 16 అంకెలు కొట్టమంది. భూతద్దం కోసం లేచేలోపు సమయం మించిపోయిందని మళ్లీ భాష ఎంచుకోమంది. నాలుగో విడతలో ఒక అమ్మాయి దొరికింది.

"సర్, లైఫ్‌టైమ్ ఫ్రీ కాదు సర్. మొదటి రెండేళ్లే ఫ్రీ. మూడో ఏడు నుంచి, ఏడాదికి 50 వేలు ఖర్చు పెడితే ఫీజు మాఫీ సర్."

"అంటే అయిదొందలు మిగుల్చుకోవడానికి యాభై వేలు తగలెయ్యాలా అమ్మా?"

"అవును సర్!" అంది, క్లాసులో మొద్దబ్బాయికి లెక్క వచ్చినంత సంతోషంగా.

"ఈ సంగతి మాకెవరూ చెప్పలేదే?"

"వెల్‌కమ్ కిట్‌లో ఉంది సర్."

ఉంది. అబద్ధమెందుకు, మా నాన్నగారు పంచాంగం చూసుకునే భూతద్దం తెచ్చి వెతికితే కనిపించింది. 'అతి ముఖ్యమైన నియమ నిబంధనలు' అనే మకుటం కింద, ఆవగింజ మీద చెక్కినట్టుంది అక్షరం. అతి ముఖ్యమైనవి ఇంత చిన్నగా ఉంటే, ముఖ్యం కానివి ఎలా ఉంటాయో అని అట్ట తిప్పాను. బెత్తెడు అక్షరాల్లో ఉన్నాయి, విమానం బొమ్మ పక్కన.

బ్రాంచికి వెళితే, కార్డుల విభాగం వేరండి, మాకు సంబంధం లేదండి అన్నారు. నా శిష్యుడేడీ అంటే, అతను మా ఉద్యోగి కాదండి, ఏజెన్సీ కుర్రాడండి అన్నారు. ఇప్పుడు రాజమండ్రిలో మోటారు సైకిళ్లకు అప్పులిప్పిస్తున్నాట్ట. వృద్ధిలోకి రమ్మన్నాను కదా, వచ్చాడు.

బావమరిదికి తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో కమీషన్ కొట్టుంది. పొట్టు ఎగిరి మీసాల మీద పడుతున్నా లెక్కలోంచి తల ఎత్తని మనిషి, నా బిల్లు చూసి తలెత్తాడు.

"బావగారూ, నెలకి నూటికెంత పడింది?"

"మూడున్నర."

"మూడున్నరా! ఈ మార్కెట్లో నూటికి రెండంటేనే నోరెళ్లబెడతారండి."

ఏడాదికి 42 శాతం. ముప్పై దాటి వసూలు చెయ్యడం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఒక గీత గీసింది. 2024 డిసెంబరు 20న సుప్రీం కోర్టు ఆ గీత చెరిపేసింది. వడ్డీల సంగతి చూసుకోవాల్సింది రిజర్వు బ్యాంకు, కమిషన్ కాదంది. 2015లో బెజవాడలో ఈ తరహా వడ్డీలే టై కట్టుకోకుండా వసూలు చేసినవాళ్లను కాల్‌మనీగాళ్లని పోలీసులు పట్టుకెళ్లారు. వాళ్లు చేసిన ఘోరాలు ఇంకా చాలా ఉన్నాయి లెండి. కానీ వాళ్లెవరూ వెల్‌కమ్ కిట్ ఇవ్వలేదు, అది ఒప్పుకోవాలి.

అసలు నా కళ్లు తెరిపించింది మాత్రం కైకలూరు దగ్గర చెరువు లీజుకి చేసే నా స్నేహితుడు. దాణా కొట్లో అప్పు పెట్టి చేపల్ని పెంచుతాడు. గట్టు మీద నా కథంతా విని, బీడీ ఆర్పి, ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"మేస్టారూ, దాణా కొట్టాయన మా పీక నొక్కుతాడండి, కాదన్ను. పట్టుబడి రోజున చేప ఆయన చెప్పిన కాటాకే వెయ్యాలి. కానీ బస్తా దింపకుండా ఖాతాలో పద్దు రాయడండి. మీవోళ్లు బస్తా దింపకుండానే రాశారు."

అంతే సంగతి. వాడే కార్డుతో బ్యాంకుకి బోలెడు చాకిరీ. పాయింట్లివ్వాలి, ఎగ్గొడతాడేమోనని భయపడాలి. వాడని కార్డుకి ఏ భయమూ లేదు. చేపపిల్ల వెయ్యకుండా, దాణా చల్లకుండా, ఏటా పట్టుబడి. అలాంటి చెరువుని ఎవడు పూడ్చుకుంటాడు?

పూడ్చాలని చట్టముంది. చట్టాలు కొల్లేటివాళ్లకు కొత్త కాదు. కొల్లేటిలో అయిదో కాంటూరు (ఎత్తు కొలిచే గీత) లోపలంతా అభయారణ్యమని 1999లో ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రాంసార్ జాబితాలోకి ఎక్కించారు. చెరువు గట్లు లేస్తూనే ఉన్నాయి. 2006లో కొట్టేశారు. మళ్లీ లేచాయి. అయిదో కాంటూరు ఎక్కడుందో ఈ లంకల్లో పసిపిల్లాణ్ని అడిగినా చెబుతాడు. కొలబద్ద పట్టుకుని మనిషి దిగితే తప్ప నీళ్ల మీద అది ఎవరికీ కనపడదు.

రిజర్వు బ్యాంకు కూడా 2022 ఏప్రిల్ 21న కార్డుల మీద ఇలాంటి కాంటూరే గీసింది. ఏడాదికి పైగా వాడని కార్డుంటే, మనిషికి కబురు పెట్టి, 30 రోజుల్లో జవాబు రాకపోతే, బాకీ లేనప్పుడు బ్యాంకే దాన్ని మూసెయ్యాలి. రుసుం మార్చాలంటే కనీసం నెల ముందు చెప్పాలి. కట్టని రుసుముల్నీ పన్నుల్నీ అసల్లో కలిపి వడ్డీ లెక్కకట్టకూడదు. బిల్లు తప్పని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లోగా వివరణ ఇవ్వాలి. ఇవన్నీ చదివి నాకు కన్నీళ్లొచ్చాయి. రెండేళ్లకు పైగా నిద్రపోయిన నా కార్డు విషయంలో నాకు అందాల్సిన ఆ కబురు ఏ ఈమెయిల్లోనూ, ఏ సెల్లులోనూ లేదు. బాకీ కబురుకి మాత్రం ఆటపాక పడవ మీద కూడా సిగ్నల్ దొరికింది.

కొలబద్ద పట్టుకుని నేనే దిగాను. బ్యాంకు ఫిర్యాదుల అధికారికి ఉత్తరం రాశాను. గ్రాంథికంలో మొదలుపెట్టి, కోపం వచ్చిన చోట వ్యావహారికంలోకి దిగాను. తొమ్మిదో రోజున జవాబు: మీరు మాకు విలువైన ఖాతాదారులు, మీ మీద గౌరవంతో ఆలస్య రుసుం మాఫీ చేస్తున్నాం, మిగతాది కట్టండి. ఆ విలువెంతో 590 రూపాయలుగా తేలినందుకు సంతోషించి, రెండో ఉత్తరం రాశాను. 30 రోజుల్లో తేల్చకపోతే, 2021లో వచ్చిన పథకం కింద రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు చెయ్యొచ్చనీ, 14448 నంబరు నాకు నోటికొచ్చనీ, ఏలూరు వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదనీ, నేను రిటైరయినవాణ్ననీ రాశాను. భయపెట్టింది చివరి ముక్కే అని నా నమ్మకం. పనీపాటా లేని తెలుగు మేస్టారంటే ఎవరికైనా దడే. ఇరవై ఆరో రోజున మొత్తం 1,203 రూపాయల 14 పైసలూ రద్దయ్యాయి.

అప్పుడు కార్డు మూసెయ్యమని అడిగాను. ఇక్కడే నాకు దురాశ పుట్టింది. రిజర్వు బ్యాంకు ఆదేశాల్లోనే ఇంకో మాటుంది: బాకీ లేని కార్డుని మూసెయ్యమంటే 7 పనిదినాల్లో మూసెయ్యాలి, లేకపోతే ఆ తర్వాత మూసే దాకా రోజుకి 500 చొప్పున బ్యాంకే మనకు కట్టాలి. ఫీజు రద్దు చెయ్యడానికి 26 రోజులు తీసుకున్నవాళ్లు, మూయడానికి ఎన్నాళ్లు తీసుకోరు! నెల ఆలస్యమైతే 15 వేలు. మా ఆవిడ కొత్త మిక్సీ దాకా వచ్చింది. నేను కాశీ దాకా వెళ్లాను. అబ్బాయి మాత్రం, వాళ్లకు ఫోన్ చేసి కంగారు పెట్టకండి నాన్నా, పడుకోనివ్వండి అన్నాడు.

ఆరో రోజు పొద్దున్నే కార్డు మూసేశామని కబురొచ్చింది. జరిమానా తమ మీద పడుతుందనేసరికి బ్యాంకు కాళ్లకి చక్రాలొచ్చాయి.

కార్డుని ముక్కలు చేసి పారెయ్యమని అందులోనే ఉంది. బీరువాలోంచి తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమంది. కత్తెరతో చిప్పు మీదుగా ఏటవాలుగా కోశాను. కైకలూరు నుంచి స్నేహితుడు పంపిన శీలావతి అప్పటికే పెరట్లో పళ్లెంలో ఉంది. మా ఆవిడ ఒక ముక్క అందుకుని, తోక దగ్గర్నుంచి తల వైపు గీకి చూసింది. మూడేళ్లలో దానికది రెండో గీకుడు. నాలుగు పొలుసులు రాలాయి. అంచు వంగిపోయింది.

"ఇందుక్కూడా పనికి రాలేదండీ" అని దాన్ని అరుగు కిందికి విసిరేసి, కత్తిపీట దగ్గరకు లాక్కుంది.