పురుగుకు పదికి పది

కార్డు మీద బొమ్మలో ఉన్నది ఆకుపచ్చ గొంగళిపురుగు. పేరు క్యాటర్‌పీ. 1999లో అమెరికాలో ఇంగ్లీషులో వచ్చిన మొదటి పోకీమాన్ ఆటకార్డుల సెట్టులో, 102 కార్డుల్లో ఇది 45వది. ప్రాణం 40, దెబ్బ 10. దెబ్బ కొట్టాక నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే ఎదుటి జీవికి పక్షవాతం. కింద మూలన ఓ నల్లచుక్క. అంటే, ఇది మామూలు కార్డు నాయనా, ఆశలు పెట్టుకోకు అని.

ఆ పురుగుకిప్పుడు పరీక్షలు. కాలిఫోర్నియాలోని పీఎస్ఏ అనే సంస్థకు ఫీజు కట్టి పంపితే మూలలు, అంచులు, పైమెరుపు, బొమ్మ నడిమధ్యన ఉందా లేదా అన్నీ చూసి, పదికి ఇన్ని అని మార్కులేసి, ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి అతికేస్తారు. మన కార్పొరేట్ కాలేజీల కన్ను దీని మీద ఇంకా పడలేదు, బతికిపోయాం. 2021లో కార్డులు గుట్టలు పడి, ఆ సంస్థే చాలా సేవలు కొన్నాళ్లు ఆపేసుకుంది.

మార్కులు పెరిగితే ధరా పెరుగుతుంది కనుక ఇది ఆట కాదట, పెట్టుబడట. రుజువేదీ అంటే యూట్యూబర్ లోగన్ పాల్‌ని చూపిస్తారు. 52,75,000 డాలర్ల పికాచు కార్డును మెడలో వేలాడేసుకుని 2022లో ఆయన రెజిల్‌మేనియా గోదాలోకి దిగాడు. లాటరీ తగిలినవాడి ఫొటో అతికించి టికెట్లమ్మే కొట్టు మన బస్టాండుల్లోనూ ఉండేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

అంచున వెంట్రుకవాసి తెలుపు కనిపిస్తే మార్కు కోసే ఈ మహానుభావులు అచ్చుతప్పు దొరికితే మాత్రం కళ్లకద్దుకుంటారు. 'జంగిల్' సెట్టులో బటర్‌ఫ్రీ అనే సీతాకోకచిలుక ఉంది. కొన్ని కార్డుల్లో మొదటి ముద్రణ అని తెలిపే గుర్తులోని ఒకటి అంకె, సిరా తేడా వల్ల ఇంగ్లీషు 'డి' అక్షరంలా పడింది. దానికి ప్రత్యేకమైన గిరాకీ! శుభలేఖలో పెళ్లికొడుకు పేరు తప్పు పడితే ప్రెస్సువాడి గల్లా పట్టుకునే మనకు ఈ రసజ్ఞత ఎప్పటికి అబ్బుతుందో.

అసలు ఇదంతా మొదలుపెట్టిన సతోషి తజిరికి చిన్నప్పుడు పురుగుల పిచ్చి. తోటిపిల్లలు 'డాక్టర్ పురుగు' అనేవారు. టోక్యో శివారు మచిదాలో ఆయన పురుగులు పట్టిన పొలాలు, కుంటలు భవనాల కిందికి పోయాయి. పురుగుల్ని పట్టడం, నాది నీకిచ్చి నీది నేను పుచ్చుకోవడం అనే ఆ సరదా తర్వాతి పిల్లలకూ దక్కాలని 1996లో పోకీమాన్ వీడియో గేమ్ తెచ్చాడు. మేమూ జీరంగిని అగ్గిపెట్టెలో వేసి, తుమ్మాకు పెట్టి, గోళీలకు మార్చుకున్నవాళ్లమే. దాని కాళ్లు ఎన్ని మిగిలాయో ఎవడూ లెక్కపెట్టలేదు.

కార్డుల ఆట నియమం ప్రకారం మన క్యాటర్‌పీ గొంగళి సీతాకోకచిలుక కావాలంటే ముందు దాని మీద గూడుపురుగు మెటాపాడ్ కార్డు పెట్టాలి. ఎక్కడ పెడతారు? పెట్టె అతికేశారు. పగలగొడితే పది మార్కులూ పోతాయి.